ప్లగ్గు పట్టింది, వెలుగు పట్టలేదు

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే ఒకసారి నెట్ డబ్బా వెనక్కి తొంగి చూడండి. సన్నటి వైరు కొసన చిన్న చదరపు ప్లాస్టిక్ కనెక్టర్ కనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో అది ఆకుపచ్చ, కొన్ని ఇళ్లలో నీలం. రెండూ ఎస్‌సీ రకమే. కొలతలు ఒకటే, గాడి ఒకటే, నొక్కినప్పుడు వచ్చే 'టక్' చప్పుడూ ఒకటే. నీలం ప్లగ్గును రెండు ప్లగ్గుల్ని ఎదురెదురుగా కలిపే ఆకుపచ్చ కప్లర్‌లో పెట్టినా చక్కగా కూర్చుంటుంది, లాగినా ఊడిరాదు. అయినా డబ్బా మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట, వెలుగు అందడం లేదని చెప్పే ఎర్రలైటు వెలుగుతుంది. ఒక్కోసారి అదీ వెలగదు, నెట్ మాత్రం వస్తూ పోతూ ప్రాణం తీస్తుంది.

కరెంటు పనిలో పిన్ను దూరి లోహం లోహాన్ని తాకితే సరిపోతుంది. మన చేతులకు ఆ అలవాటే ఉంది. వెలుగుతో పని అలా కుదరదు. గాజు కొసను ఏ కోణంలో సానబట్టారు, ఆ గాజులో వెలుగు నడిచే దారి ఎంత వెడల్పు, వెలుగు తరంగదైర్ఘ్యం ఎంత, దాని బలం ఎంత, అది ఏ భాషలో మిణుకుతోంది అన్నవన్నీ కుదరాలి. ప్లగ్గు పట్టడం వీటిలో అతి తేలికైన మెట్టు. పని అయిపోయిందన్న నమ్మకం కలిగించేదీ అదే కాబట్టి, సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

ముందు ఆ రెండు రంగుల సంగతి చూద్దాం. కనెక్టర్ మూత తీస్తే మధ్యలో తెల్లటి పింగాణీ గొట్టం ఉంటుంది. దాని పేరు ఫెర్రూల్. ఎస్‌సీలో దాని వ్యాసం 2.5 మిల్లీమీటర్లు. దాని నడిబొడ్డున ఉన్న రంధ్రంలో గాజుపోగు ఇమిడి ఉంటుంది. ఫెర్రూల్‌నూ గాజునూ కలిపి అద్దంలా నునుపు చేస్తారు. కప్లర్‌లో రెండు ఫెర్రూళ్లు ఎదురెదురుగా ఒత్తుకున్నప్పుడు గాజు గాజును తాకి, వెలుగు ఒక పోగులోంచి మరో పోగులోకి దాటుతుంది. నీలం కనెక్టర్‌లో ఆ కొస నిటారుగా, కొద్దిపాటి గుండ్రంతో ఉంటుంది. దాన్ని యూపీసీ అంటారు. ఆకుపచ్చదానిలో కొస 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. అది ఏపీసీ.

ఆ ఏటవాలు ఎందుకు? గాజు నుంచి గాలిలోకి దాటే చోట వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి పరావర్తనం చెందుతుంది. గాజు గాజుకు గట్టిగా ఆనుకున్నా ఎంతో కొంత వెనక్కి తిరుగుతుంది. కొస నిటారుగా ఉంటే ఆ తిరిగిన వెలుగు వచ్చిన దారినే పోయి లేజర్‌ను కలవరపెడుతుంది. కొస 8 డిగ్రీలు వాలి ఉంటే తిరిగిన కిరణం 16 డిగ్రీలు పక్కకు పోతుంది. ఇళ్లకు వచ్చే ఫైబర్ తన నడిమి దారిలో పట్టి ఉంచగలిగేది అయిదు డిగ్రీల లోపు వాలిన కిరణాలనే. కాబట్టి ఆ 16 డిగ్రీల కిరణం పక్కగోడలోకి కారి అక్కడే అంతరించిపోతుంది. మంచి యూపీసీ జోడు నుంచి వెనక్కి వచ్చేది లక్షలో ఒక వంతు, ఏపీసీ జోడు నుంచి పది లక్షల్లో ఒక వంతు. అసలు లాభం ఇంకొకటి ఉంది. యూపీసీ కొసను దేనికీ తగిలించకుండా వదిలేస్తే ఆ 4 శాతం పరావర్తనం మళ్లీ మొదలవుతుంది. ఏపీసీ ఖాళీగా వేలాడుతున్నా నిశ్శబ్దంగానే ఉంటుంది. వీధి స్తంభం మీది పెట్టెలో సగం పోర్టులు ఖాళీగా ఉండే ఇంటింటి ఫైబర్ వ్యవస్థకు అది పెద్ద వరం. అదే పోగులో 1550 నానోమీటర్ల వెలుగు మీద టీవీ సిగ్నల్ పంపే కేబుల్ ఆపరేటర్లకైతే మరీనూ. పరావర్తనం పెరిగితే ముందు చెడేది ఆ టీవీ బొమ్మే.

ఇప్పుడు ఏటవాలు కొసను నిటారు కొసకు ఎదురుగా పెట్టండి. అంచు అంచును తాకుతుంది, నడుమ గాలి సందు మిగులుతుంది. వెలుగు ఒక గాజు విడిచి గాలిలోకి, గాలి విడిచి మరో గాజులోకి, అదీ వంకరగా దాటాలి. ఒక్క దెబ్బతో కొన్ని డెసిబెల్‌లు (వెలుగు నష్టాన్ని కొలిచే కొలమానం ఇది) పోతాయి. ఎంత పోతుందో కూడా నిలకడగా ఉండదు, ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ మారుతుంది. పైగా సానబట్టిన కొసలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఇంట్లో డబ్బాకు నీలం సాకెట్టూ గోడమీది పెట్టెలో ఆకుపచ్చదీ ఉండటం మామూలే. దానికి మందు కూడా సులువే. ఒక కొస ఆకుపచ్చ, మరో కొస నీలం ఉన్న ప్యాచ్ కార్డ్ బజారులో దొరుకుతుంది. రంగుకు రంగు చూసి పెట్టండి. పెట్టే ముందు కొసను తుడవండి. వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు మాత్రమే, అంటే మిల్లీమీటరులో వందో వంతు కన్నా తక్కువ. వేలిముద్రలోని జిడ్డు చాలు దాన్ని మూసేయడానికి. వైరు పనిచేస్తున్నప్పుడు కొసలోకి కంటితో చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనిపించదు, కానీ కన్నును గాయపరచగలదు.

ఆ 9 మైక్రాన్ల దారి దగ్గరే అసలు కథ ఉంది. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు పరిశోధకులు, గాజును తగినంత శుద్ధి చేసి నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్‌ల లోపుకు తేగలిగితే టెలిఫోన్ మాటల్ని వెలుగు మీద పంపవచ్చని లెక్కగట్టారు. 20 డెసిబెల్‌లు అంటే నూటికి ఒక్క వంతు మిగలడం. అప్పటి గాజు దానికి ఆమడ దూరంలో ఉంది. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మారర్, కెక్, షుల్ట్జ్ కలిసి 17 డెసిబెల్‌లు సాధించారు. ఇవాళ మన వీధుల్లో వేలాడే మామూలు ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే. కావ్‌కు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ పోగుల్లో రెండు పెద్ద కులాలున్నాయి. రెండింటి బయటి గాజు వ్యాసం ఒకటే, 125 మైక్రాన్లు. అందుకే ఒకే కనెక్టర్ రెండింటికీ పడుతుంది, అందుకే జనం పొరబడతారు. లోపలి దారి మాత్రం వేరు. సింగిల్ మోడ్‌లో అది సుమారు 9 మైక్రాన్లు, వెలుగు ఒకే తీరుగా నడుస్తుంది. మల్టీ మోడ్‌లో 50 లేదా 62.5 మైక్రాన్లు. అంత వెడల్పులో వెలుగు వందల తీరులుగా పాకుతుంది. ఒక్కో తీరుకు ఒక్కో ప్రయాణ కాలం కాబట్టి దూరం పెరిగేకొద్దీ మిణుకులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆఫీసు గదులకు, డేటా సెంటర్లకు మల్టీ మోడ్ సరిపోతుంది. ఊళ్లు దాటాలంటే సింగిల్ మోడ్ కావాలి.

ఈ రెంటినీ కలిపితే ఏమవుతుంది? సింగిల్ మోడ్ నుంచి మల్టీ మోడ్‌లోకి వెలుగు దాదాపు నష్టం లేకుండా దిగుతుంది. తిరుగు దారిలో మాత్రం గంగాళంలోని నీళ్లను సీసా మూతిలోకి కుమ్మరించినట్టే. 50 మైక్రాన్ల దారి వైశాల్యంలో 9 మైక్రాన్లది ముప్పయ్యో వంతు. కోణాల తేడాతో వచ్చే నష్టం దీనికి అదనం. అందుకే ఇలాంటి అతుకు మీద పరీక్ష పెడితే ఒకవైపు నుంచి అంతా బాగున్నట్టు, మరోవైపు నుంచి చచ్చినట్టు కనిపిస్తుంది. పనివాళ్లను తికమక పెట్టే తప్పుల్లో ఇదొకటి. తొడుగు రంగు కొంత కాపాడుతుంది. పసుపు సింగిల్ మోడ్, నారింజ పాత మల్టీ మోడ్, ఆక్వా రంగు దాని తర్వాతి తరం. రంగు నమ్మదగిన సూచనే గానీ సాక్ష్యం కాదు, తొడుగు మీద అచ్చువేసిన అక్షరాలు చదవాలి. మల్టీ మోడ్‌లోనూ తరాల మధ్య తేడా పెద్దదే. 62.5 మైక్రాన్ల ఓఎం1 అనే పాత రకం మీద 850 నానోమీటర్ల 10 గిగాబిట్ సిగ్నల్ పోయేది 33 మీటర్లు, కొత్త తరం ఓఎం3 మీద 300 మీటర్లు. పాత కాలేజీ భవనంలో నారింజ కేబుల్ అలాగే ఉంచి, కొత్త స్విచ్‌లు మాత్రం కొని బిగిస్తే రెండో అంతస్తు దాకా కూడా సిగ్నల్ అందకపోవచ్చు.

సింగిల్ మోడ్‌తో సింగిల్ మోడ్‌ను కలిపినా ఒక చిత్రం జరుగుతుంది. వీధిలో వేసేది సాధారణంగా జి.652.డి రకం. ఇంట్లోకి తెచ్చే సన్నటి డ్రాప్ కేబుల్‌లో జి.657.ఏ రకం వాడతారు. అది మూలల్లో చిన్న వంపుల్ని తట్టుకుంటుంది. ఏ1 అయితే 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా, ఏ2 అయితే 7.5 దాకా. 'ఏ' అనే అక్షరానికి అర్థమే పాత జి.652.డితో పొసగుతుందని మాట ఇవ్వడం. రెంటినీ స్ప్లైసింగ్ మెషీన్‌లో కరిగించి అతికించాక ఓటీడీఆర్ పరికరంతో కొలిస్తే, ఒక్కోసారి అతుకు దగ్గర వెలుగు పెరిగినట్టు గీత పైకి లేస్తుంది! వెలుగు పెరగడం జరిగే పని కాదు. ఓటీడీఆర్ కొలిచేది గాజులోంచి వెనక్కి చెదిరి వచ్చే వెలుగును. రెండు గాజుల్లో ఆ చెదరడం కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి గీత అబద్ధం చెబుతుంది. అటునుంచీ ఇటునుంచీ కొలిచి సగటు తీస్తేనే నిజమైన నష్టం తెలుస్తుంది. ఒకవైపే కొలిచి 'సూపర్ జాయింట్' అని మురిసిపోతే మోసపోయినట్టే.

గాజు కుదిరాక తరంగదైర్ఘ్యం, బలం. ఇంటి ఫైబర్‌లో రానూ పోనూ ఒకే పోగు. ఎక్స్ఛేంజీలోని ఓఎల్‌టీ అనే పరికరం నుంచి ఇంటి డబ్బాకు 1490 నానోమీటర్ల మీద, ఇంటి నుంచి వెనక్కి 1310 మీద. రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాలు కాబట్టి ఎదురెదురుగా వచ్చినా ఢీకొనవు. ఆఫీసుల్లో స్విచ్‌లలో దూర్చి వాడే, ఒకే పోగు మీద రానూ పోనూ నడిపే బైడి మాడ్యూళ్లదీ ఇదే పద్ధతి. వాటిని జంటగానే కొనాలి. ఒకటి 1310లో పంపి 1490లో వింటే, రెండోది తిరగేసి ఉండాలి. రెండూ ఒకే నంబరువి కొంటే రెండూ 1310లో అరుస్తూ రెండూ 1490 కోసం ఎదురుచూస్తాయి. పాడైన వస్తువని దుకాణానికి తిరిగొచ్చే బైడి మాడ్యూళ్లలో చెడిపోనివీ ఉంటాయి, వాటికి తప్పు జోడు దొరికి ఉంటుంది. అలాగే ఒక కొసన 850 నానోమీటర్ల ఎస్ఆర్ మాడ్యూల్, మరో కొసన 1310 ఎల్ఆర్ పెట్టినా పలుకు ఉండదు. ఒకదాని గ్రాహకం మరోదాని వెలుగుకు గుడ్డిది.

బలం లెక్క మన ఇంటి లైన్‌తోనే చూద్దాం. ఇంటింటి ఫైబర్ పద్ధతుల్లో ఒకటైన జీపాన్ వ్యవస్థలో సర్వసాధారణమైన బి ప్లస్ తరగతిలో ఓఎల్‌టీ దాదాపు 3 డీబీఎం బలంతో, అంటే 2 మిల్లీవాట్లతో పంపుతుందనుకోండి. దారిలో స్ప్లిట్టర్ ఒక పోగును 32 ఇళ్లకు పంచితే సుమారు 17 డెసిబెల్‌లు పోతాయి. ఎనిమిది కిలోమీటర్ల గాజుకు రెండు, అతుకులకూ కనెక్టర్లకూ మరో రెండు. ఇంటికి చేరేది మైనస్ 18 డీబీఎం. ఇంటి డబ్బా వినగలిగే కనిష్ఠం మైనస్ 27, అంటే ఒక వాట్‌లో పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు. ఇంకా తొమ్మిది డెసిబెల్‌లు చేతిలో ఉన్నాయి, హాయే. ఇప్పుడు ఎక్కడో ఒక ఆకుపచ్చ-నీలం తప్పు జోడు పడింది, నాలుగైదు డెసిబెల్‌లు పోయాయి. నెట్ నడుస్తూనే ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. తర్వాత బీరువా వెనక వైరు నలిగి ఇంకొన్ని పోయాయి. ఇక సరిహద్దు మీద ఊగిసలాట. వైరు వంగిన చోట పొడవు తరంగదైర్ఘ్యాలే ఎక్కువగా కారిపోతాయి కాబట్టి, ఇంటి నుంచి వెళ్లే 1310 బాగానే చేరుతూ ఇంటికి వచ్చే 1490 మాత్రం తడబడవచ్చు. రిపేరుకు వచ్చిన అబ్బాయిని "నెట్ వచ్చిందా?" అని అడిగి పంపేయకండి. "పవర్ మీటర్‌లో ఎంత చూపిస్తోంది తమ్ముడూ?" అని అడగండి. మైనస్ 18, మైనస్ 20 అంటే నిశ్చింత. మైనస్ 26 అంటే ఇవాళ నడుస్తుంది, అంతే.

ఎక్కువైనా ప్రమాదమే. అదే డబ్బాకు మైనస్ 8 కన్నా బలమైన వెలుగు పడితే గ్రాహకం తట్టుకోలేదు. 80 కిలోమీటర్ల కోసం చేసిన జెడ్ఆర్ మాడ్యూల్ జతను ఒకే గదిలో మీటరు వైరుతో కలిపి పరీక్షించడమంటే గ్రాహకాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే. మధ్యలో వెలుగును తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి.

ఇవన్నీ కుదిరాక కూడా మౌనం మిగలవచ్చు. ఇంటింటి ఫైబర్‌కు ప్రపంచంలో రెండు పద్ధతులు సమాంతరంగా పెరిగాయి. అంతర్జాతీయ టెలికం సంఘం జీపాన్ ఒకటి, ఈథర్నెట్ ప్రమాణాల వాళ్లు 2004లో తెచ్చిన ఈపాన్ మరొకటి. రెంటికీ అదే గాజు, అదే ఎస్‌సీ కనెక్టర్, అవే 1490, 1310. పవర్ మీటర్ చూపించే అంకె కూడా చక్కగా ఉంటుంది. కానీ ఒకదాని డబ్బా మరోదాని లైన్‌లో మూగది, ఎందుకంటే మిణుకుల్ని పేర్చే పద్ధతే వేరు. మన ఊళ్లలో చిన్న కేబుల్ ఆపరేటర్లు చవకైన ఈపాన్ వేసుకున్నారు, పెద్ద సంస్థలు జీపాన్ వేసుకున్నాయి. ఆపరేటర్‌ను మార్చినప్పుడు పాత డబ్బా పనికిరాకపోవడానికి ఇదొక కారణం. రెండు భాషలూ తెలిసిన ఎక్స్‌పాన్ డబ్బాలు అందుకే వచ్చాయి.

జీపాన్‌కు జీపాన్ పెట్టినా ఇంకో గడప ఉంది. డబ్బాకు ఒక క్రమసంఖ్య ఉంటుంది, అందులో మొదటి నాలుగు అక్షరాలు తయారీదారు గుర్తు. ఓఎల్‌టీ దాన్ని గుర్తించాక ఓఎంసీఐ అనే సందేశాలతో డబ్బాను నడుపుతుంది. ఆ సందేశాలకు జి.988 అనే బహిరంగ ప్రమాణం ఉంది. ప్రమాణంలో తయారీదారుల సొంత సందేశాలకు కూడా చోటు వదిలారు. ఒక కంపెనీ ఓఎల్‌టీకి మరో కంపెనీ డబ్బా తగిలిస్తే నెట్ వచ్చి ఫోన్ రాకపోవడం, టీవీ ఆగిపోవడం లాంటివి ఆ ఖాళీలోంచే పుడతాయి.

ఆఫీసు స్విచ్‌లలో ఈ వ్యవహారం ఇంకా బాహాటంగా ఉంటుంది. స్విచ్‌లో దూర్చే ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్ అయిదున్నర సెంటీమీటర్ల పొడవుండే లోహపు కడ్డీ. లోపల ఒక లేజర్, ఒక గ్రాహకం, వాటిని నడిపే చిప్పులు. 2000 సంవత్సరంలో పోటీ కంపెనీలు కూర్చుని దీని కొలతలు, పిన్నులు, విద్యుత్ సంకేతాలు అన్నీ ఉమ్మడిగా ఒప్పందం చేసుకున్నాయి. ఇంజినీరింగ్ చరిత్రలో నాకు బాగా నచ్చే ఒప్పందాల్లో ఇదొకటి. దీని పుణ్యాన ఎవరు చేసిన మాడ్యూలైనా ఎవరి స్విచ్‌లోనైనా దూరుతుంది. ఆ కొలతల్లోనే తర్వాత 10 గిగాబిట్ ఎస్ఎఫ్‌పీ ప్లస్, 25 గిగాబిట్ ఎస్ఎఫ్‌పీ28 వచ్చాయి. సాధారణంగా పాత మాడ్యూల్ కొత్త పోర్టులో తన పాత వేగంతో నడుస్తుంది, కొత్తది పాత పోర్టులో నడవదు.

అదే ఒప్పందం ప్రకారం ప్రతి మాడ్యూల్‌లో చిన్న మెమరీ చిప్పు ఉంటుంది. దానిలో 16 అక్షరాల తయారీదారు పేరు, మోడల్ నంబరు, తరంగదైర్ఘ్యం, క్రమసంఖ్య, తప్పులు పట్టే మొత్తం సంఖ్య ఉంటాయి. స్విచ్ తనలో ఏం పెట్టారో తెలుసుకోవడానికి అవి ఎంతో మేలు. ఉష్ణోగ్రత, లేజర్ కరెంటు, వచ్చే వెలుగు బలం కూడా మాడ్యూలే చెప్పేలా తర్వాతి ప్రమాణం ఏర్పాటు చేసింది. అయితే చివర 32 బైట్లు తయారీదారు ఇష్టానికి వదిలారు. కొన్ని స్విచ్ కంపెనీలు అక్కడ రహస్య ముద్ర వేస్తాయి, ఆ ముద్ర లేని మాడ్యూల్‌ను స్విచ్ తిరస్కరిస్తుంది. వెలుగు సరిగానే ఉంటుంది, బలం సరిగానే ఉంటుంది, పోర్టు మాత్రం మూసుకుంటుంది. వేరే కంపెనీ మాడ్యూల్ పెట్టి ఏదైనా చెడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి ఒక హెచ్చరిక చూపిస్తే చాలు. పోర్టునే ఆపేయడం భౌతికశాస్త్రం అడిగినది కాదు, వ్యాపారం అడిగినది. ఈ వ్యాసంలో చెప్పిన మిగతా అడ్డంకుల్లో చాలావరకు గాజు, వెలుగుల గుణం వల్ల వచ్చినవి, కొన్ని ప్రమాణాలు వేరవడం వల్ల, వాటిలో వదిలిన ఖాళీల వల్ల వచ్చినవి. ఇది ఒక్కటే మనిషి కావాలని అడ్డం పెట్టినది.

అందుకే ప్రజల సొమ్ముతో వేసిన జాలాల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి నెలకు 149 రూపాయలతో మొదలుపెట్టింది. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే తన గొట్టాలు వేసుకుంది. కేంద్ర ప్రభుత్వ భారత్‌నెట్ పంచాయతీల దాకా పోతోంది. ఇందులో అసలు ఖర్చు తవ్వడం, లాగడం, గాజు వేయడం. కొసల్లోని పెట్టెలు కొన్నేళ్లకు మారిపోతాయి. మారే పెట్టెల్ని ఒకే కంపెనీ దగ్గర కొనాల్సిన పరిస్థితి టెండర్‌లోనే రాకుండా చూడాలి. ఓఎంసీఐ ప్రమాణానికి కట్టుబడి, కనీసం ఇద్దరు వేర్వేరు తయారీదారుల డబ్బాలు తమ ఓఎల్‌టీ మీద నెట్, ఫోన్, టీవీ మూడింటితో నడిపి చూపించాకే బిల్లు చెల్లించాలి.

గాజు మాత్రం ఓపికగా కాచుకుని ఉంటుంది. ఇప్పుడు వస్తున్న ఎక్స్‌జీఎస్-పాన్ రెండు దిక్కులా 10 గిగాబిట్ ఇస్తుంది. దానికి 1577, 1270 నానోమీటర్లు కేటాయించారు. జీపాన్ వాడే 1490, 1310కి అడ్డు రాకుండా ఎంచినవి అవి. కాబట్టి అదే పోగు మీద, అదే స్ప్లిట్టర్ గుండా పాత, కొత్త డబ్బాలు పక్కపక్క ఇళ్లలో ఏకకాలంలో నడవగలవు. దీనికి ఒక షరతు ఉంది. పాత జీపాన్ డబ్బా తనకు సంబంధం లేని 1577 వెలుగును అడ్డుకునే ఫిల్టర్‌తో వచ్చి ఉండాలి. ఆ ఏర్పాటును జి.984.5 అనే ప్రమాణం 2007లోనే రాసిపెట్టింది. ఫిల్టర్ లేని చవక డబ్బా ఇవాళ ఏ లోటూ చూపించదు. వీధిలో మొదటి 10 గిగాబిట్ కనెక్షన్ వచ్చిన రోజున దాని లైటు ఎర్రబడవచ్చు. సొంతంగా డబ్బా కొనుక్కునేవాళ్లు వైఫై యాంటెన్నాలు ఎన్నని లెక్కపెట్టే ముందు, పెట్టె మీద ఆ నంబరు ఉందో లేదో చూడాలి. గోడ మూలల్లో పాత వైరును మడతపెట్టి మేకు కొట్టి ఉంటే దాన్నీ అప్పుడే సరిచేయించాలి. వంపుల దగ్గర 1577 వెలుగు 1490 కన్నా తొందరగా కారిపోతుంది.